విసిరే చేతికి లెక్క కావాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు, పాత విద్యార్థులం కొందరం ఒక ఆదివారం హాస్టల్ వేపచెట్టు కింద కూర్చుని ఆలోచించాం. చదువు విలువ గురించి రాయవచ్చు. క్రమశిక్షణ గురించి రాయవచ్చు. అవి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. కానీ ఈసారి ఇంతవరకు మన సంచికలో రాని విషయం ఒకటి రాయాలనిపించింది. అది మన పిల్లల చేతుల గురించి. బంతి విసిరే చేతుల గురించి.

మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఉండేవాడు. కళ్యాణదుర్గం వైపు పల్లె. చిన్నప్పుడు జొన్నచేను కాపలాకు పోయి వడిసెలతో రాయి విసిరితే ఆ చివర గట్టు మీద వాలిన పిట్టలు లేచిపోయేవట. తొమ్మిదో తరగతిలో స్కూల్లో బేస్‌బాల్ జట్టు కట్టినప్పుడు పీఈటీ సార్ వాడి చెయ్యి చూసి పిచర్‌గా పెట్టారు. జోనల్ గెలిచాం. జిల్లా పోటీల్లో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు, మరుసటి రోజు మరో రెండు. నాలుగూ వాడే వేశాడు. రాత్రి పడుకునేటప్పుడు మోచేతికి అమృతాంజనం పూసింది మేమే. "సార్‌కి చెప్పొద్దురా, టీంలోంచి తీసేస్తారు" అని వాడు అంటే, సరేనని నోరు మూసుకున్నదీ మేమే. రాష్ట్ర జట్టు సెలెక్షన్ రోజున పది బంతులు వేశాడో లేదో, బంతి ముందే నేలకు తగిలింది. చెయ్యి సాగలేదు.

ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా సాగదు. వాడిప్పుడు మార్కెట్ యార్డులో చీటీలు రాసే పని చేస్తున్నాడు. మూట ఎత్తలేడు. ఎవరినీ తప్పుపట్టడు. మేము మాత్రం మమ్మల్ని తప్పుపట్టుకుంటున్నాం. తెలియక చేసిన తప్పే. కానీ ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తున్నాం.

చేతిలో ఏం జరుగుతుంది?

జీవశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ మృదులాస్థి అంటే తెలుసు. ఎదిగే పిల్లల్లో పొడవు ఎముకల చివర్లకు దగ్గరగా మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. ఎదుగుదల ముగిశాక అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. మోచేతి లోపలి వైపు ఉండే ఆ భాగం పదిహేను, పదహారేళ్ల వరకు, కొందరిలో ఇంకా తరువాత దాకా లేతగానే ఉంటుంది. అంటే హైస్కూల్ పిల్లవాడి మోచెయ్యి చూడటానికి పెద్దవాడి చెయ్యిలా ఉన్నా, లోపల ఇంకా పచ్చి కట్టడమే.

బంతిని బలంగా విసిరేటప్పుడు మోచేతి లోపలి వైపు సాగి లాగబడుతుంది, బయటి వైపు నొక్కుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ లాగుడు ముఖ్యంగా లిగమెంట్ మీద పడుతుంది. పిల్లల్లో లిగమెంట్ కన్నా ఆ లేత పొరే బలహీనం. కాబట్టి అదే ముందు వాస్తుంది, విడుతుంది, ఒక్కోసారి చిన్న ముక్కగా ఊడుతుంది కూడా. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌ను లిటిల్ లీగ్ అంటారు. ఈ జబ్బు అక్కడ ఎంత మామూలంటే, డాక్టర్లు దీనికి లిటిల్ లీగ్ మోచెయ్యి అనే పేరే పెట్టారు. భుజంలోని లేత పొరకు వచ్చేదాన్ని లిటిల్ లీగ్ భుజం అంటారు.

ఒక్క బంతితో చెయ్యి పోదు. ప్రతి విసురుకీ కంటికి కనపడనంత దెబ్బ తగులుతుంది. విశ్రాంతి ఇస్తే శరీరం దాన్ని మాన్పుకుంటుంది. మానకముందే మళ్లీ విసిరితే దెబ్బ మీద దెబ్బ. చెరువు కట్టకు పడిన చిన్న గండిని ఆ రోజే పూడిస్తే గంపెడు మట్టి చాలు. వదిలేస్తే ఒక వానకు కట్టే తెగుతుంది. మన జిల్లా వాళ్లకు ఇంతకన్నా వివరంగా చెప్పనక్కరలేదు.

కారణం ఏది?

దిష్టి తగిలిందని కొందరు, తిండి బలం లేదని కొందరు, బంతిని మెలితిప్పి వేయడం వల్లే అని కొందరు అంటారు. పరిశోధన చేసినవాళ్లు ఏం చెప్పారో చూద్దాం.

అమెరికాలో 2006లో ఒక అధ్యయనం వెలువడింది. చేతికి ఆపరేషన్ అయిన 95 మంది కుర్ర పిచర్లను, ఏ గాయమూ లేని 45 మందితో పోల్చి చూశారు. చెయ్యి అలసిపోయిన తరువాత కూడా తరచుగా వేస్తూ వచ్చినవాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు ఎక్కువని తేలింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పోటీల్లో వేసినవాళ్లకు అయిదు రెట్లు. ఒక మ్యాచ్‌లో సగటున 80 బంతులకు పైగా వేసినవాళ్లకు దాదాపు నాలుగు రెట్లు. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో 9 నుంచి 14 ఏళ్ల పిల్లలను 481 మందిని పదేళ్ల పాటు గమనించారు. ఒక ఏడాదిలో 100 ఇన్నింగ్స్‌కు మించి వేసినవాళ్లకు తీవ్రమైన గాయం అయ్యే అవకాశం మూడున్నర రెట్లని తేలింది. చిన్న వయసులో మెలితిప్పే బంతి వేయడమే కారణమని మాత్రం ఆ అధ్యయనం రుజువు చేయలేకపోయింది.

కాబట్టి మొదటి ముద్దాయి అలసట. రెండో ముద్దాయి లెక్కలేనితనం. మిగిలినవన్నీ వాటి వెనకే.

లిటిల్ లీగ్ వాళ్లు 2007 నుంచి ఇన్నింగ్స్ లెక్క మానేసి బంతుల లెక్క పెట్టారు. 9, 10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులు దాటకూడదు. 11, 12 ఏళ్లవారు 85. 13 నుంచి 16 ఏళ్ల వరకు 95. అంతేకాదు, 14 ఏళ్ల లోపు వాళ్లు ఒక రోజు 66 బంతులు దాటి వేస్తే తరువాత నాలుగు రోజులు పిచింగ్ చేయకూడదు. 21 నుంచి 35 బంతులు వేసినా ఒక రోజు సెలవు ఇవ్వాల్సిందే. 41 బంతులు వేసిన పిల్లవాడు ఆ రోజు క్యాచర్‌గా కూడా కూర్చోకూడదు. ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాలి కదా.

ఈ లెక్కతో మా మిత్రుడి జిల్లా పోటీలను కట్టి చూడండి. ఇన్నింగ్స్‌కు 15 బంతులు, మ్యాచ్‌కు అయిదు ఇన్నింగ్స్ అనుకున్నా 75. రోజుకు రెండు మ్యాచ్‌లు, 150. రెండు రోజులకు 300. మ్యాచ్ ముందు వేసే బంతులు ఇందులో లేవు. మేము చప్పట్లు కొట్టిన బంతులన్నీ ఇవే.

మన హాస్టళ్లలో అదనంగా ఏముంది?

అమెరికా పిల్లవాడి చేతికి ఆట ఒక్కటే పని. మన పిల్లవాడి చేతికి ఎన్ని పనులు?

తెల్లవారుజామున నీళ్ల కోసం బకెట్లు మోయాలి. బట్టలు బండకేసి ఉతకాలి. సెలవుల్లో ఇంటికి పోతే బుడ్డలు పీకడం, కొట్టడం, మూటలు ఎత్తడం. ఆ చేతితోనే సాయంత్రం బంతి విసరాలి. అంటే గ్రౌండ్‌లోకి వచ్చేసరికే చెయ్యి సగం అలసి ఉంటుంది. ఏ రూల్ పుస్తకంలోనూ బకెట్ల లెక్క లేదు. మనం మాత్రం కలుపుకోవాలి.

రెండోది, మంచి చెయ్యి ఉన్నవాడు హాస్టల్‌కు ఒక్కడే ఉంటాడు. పిచింగ్ వాడే, క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వాడే, స్పోర్ట్స్ డే వస్తే జావెలిన్, షాట్‌పుట్ కూడా వాడే. బంతి మారితే చెయ్యికి విశ్రాంతి అనుకుంటాం. బంతి మారింది కానీ భుజం మారలేదు.

మూడోది, మనకు ఏడాదంతా ప్రాక్టీసు ఉండదు. స్కూల్ గేమ్స్ తేదీలు రాగానే రెండు వారాల్లో అంతా నేర్చుకోవాలని రోజూ వందల బంతులు. ఖాళీగా ఉన్న చెయ్యి మీద ఒక్కసారిగా పడే ఈ భారం చాలా ప్రమాదకరం. ఎద్దును కూడా కొత్తగా కాడికి కడితే మొదటి రోజే ఎకరా దున్నించం.

నాలుగోది నిద్ర. రోజుకు ఎనిమిది గంటల కన్నా తక్కువ నిద్రపోయే కుర్ర ఆటగాళ్లకు గాయాలు 1.7 రెట్లు ఎక్కువని 2014లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పది దాకా స్టడీ అవర్ ఉన్న పదో తరగతి పిల్లవాడికి ఎనిమిది గంటలు ఎక్కడ దొరుకుతాయి?

ఇక సాఫ్ట్‌బాల్ ఆడే చెల్లెళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కింది నుంచి చెయ్యి తిప్పి వేసే బంతి కాబట్టి ఏమీ కాదని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ విసురులో భుజం ముందు భాగం మీద, అక్కడి కండరాల మీద పెద్ద భారమే పడుతుంది. పైగా ఏమీ కాదనే నమ్మకంతో ఒక్క అమ్మాయి చేతనే టోర్నమెంట్ అంతా వేయిస్తారు. బాలికల హాస్టల్లో నొప్పి చెప్పుకోవడం మరీ తక్కువ. కడుపునొప్పి అని చెప్పడానికే సిగ్గుపడే పిల్ల భుజం నొప్పి అని ఏం చెబుతుంది?

అన్నిటికన్నా పెద్ద కారణం చివర చెబుతున్నాం. అది మౌనం. నొప్పి అంటే టీంలోంచి తీసేస్తారనే భయం. తీసేస్తే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ రాకపోతే స్పోర్ట్స్ కోటా సీటు రాదు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే పిల్లవాడిని మాత్రమే తప్పుపట్టలేం.

"ఒక్క అవకాశం కదా!"

మేము ఈ మాట అంటే కొందరు పెద్దలు ఇలా అన్నారు: "మీరు చెప్పేవి డబ్బున్న దేశాల ముచ్చట్లు. మన పిల్లలకు జీవితంలో ఒక్కసారి తలుపు తెరుచుకుంటుంది. ఆ రోజు చెయ్యి నొప్పి అని కూర్చుంటే తలుపు మూసుకుపోతుంది."

ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. వానలు నమ్మలేని జిల్లాలో ఆట ఒక దారి అయింది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనంతపురంలో కట్టిన స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలు ఆడుతున్నారు. 2010లో రాఫెల్ నాదల్ పేరు మీద టెన్నిస్ బడి మొదలైంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ మైదానంలోనే జరిగాయి. మన పిల్లలకు ఆశ పుట్టడంలో తప్పులేదు.

కానీ జపాన్‌లో జరిగిన రెండు సంగతులు వినండి. అక్కడ కోషియెన్ అనే హైస్కూల్ బేస్‌బాల్ పోటీ అంటే మన దసరా, సంక్రాంతి కలిసినంత సంబరం. 2018లో అకితా అనే వ్యవసాయ ప్రాంతం నుంచి కనాషి వ్యవసాయ హైస్కూల్ ఫైనల్‌కు వచ్చింది. ఆ ప్రాంతం వాళ్లు ఫైనల్ చేరడం 103 ఏళ్ల తరువాత. యోషిదా కోసే అనే ఒక్క కుర్రవాడు ఆ ఒక్క పోటీలో 881 బంతులు వేశాడు. ఫైనల్లో చేతిలో సత్తువ లేదు, 13-2తో ఓడిపోయారు. దేశమంతా చర్చ జరిగింది. ఒక పిచర్ వారానికి 500 బంతులు దాటకూడదని 2020 నుంచి అక్కడ నియమం వచ్చింది. అది కూడా ఎక్కువేనని అనేవాళ్లు ఉన్నారు.

మరుసటి ఏడాది, 2019 జులైలో, ఇవాతే ప్రాంతం ఫైనల్లో ఒఫునాతో హైస్కూల్ కోచ్ తన జట్టులోని గొప్ప పిచర్ ససాకి రోకిని బరిలోకి దించలేదు. ముందు రోజే అతను 129 బంతులు వేసి ఉన్నాడు. జట్టు ఓడిపోయింది. కోచ్‌ను తిట్టిపోశారు. ఆ కుర్రవాడు 2022 ఏప్రిల్‌లో జపాన్ ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క బ్యాటర్‌ను కూడా బేస్ చేరనివ్వకుండా మ్యాచ్ మొత్తం వేశాడు. 2025లో అమెరికా మేజర్ లీగ్‌కు వెళ్లాడు. ససాకి అప్పటికే పేరున్నవాడు, మన పిల్లవాడికి ఆ పేరు లేదు, నిజమే. కానీ పేరు లేనివాడికి ఉన్నది చెయ్యి ఒక్కటే. అది కూడా పోతే?

మన దేశంలోనూ ఉదాహరణలు ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ పల్లె కుర్రవాడు, లారీ డ్రైవర్ కొడుకు రింకూ సింగ్ జావెలిన్ విసిరేవాడు. 2008లో ఒక టీవీ పోటీలో గెలిచి అమెరికాలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో బేస్‌బాల్ ఒప్పందం చేసుకున్నాడు. తరువాత చేతి గాయాలతో ఏళ్ల తరబడి మైదానానికి దూరమై, చివరకు 2018లో రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. నీరజ్ చోప్రాకు 2019 మే నెలలో మోచేతికి ఆపరేషన్ జరిగింది. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లలేదు. ఆగాడు. 2021 ఆగస్టు 7న టోక్యోలో బంగారు పతకం తెచ్చాడు. నీరజ్ ఆగగలిగాడంటే వెనక డాక్టర్లు, ఫిజియోలు ఉన్నారు. మన పిల్లవాడి వెనక ఎవరున్నారు? మనమే ఉన్నాం. కాబట్టి ఆపాల్సిందీ మనమే.

ఇంకొక్క మాట. ఆట పోతే డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఆట మాత్రమే పోతుంది. మన ఇళ్లలో ఆ చెయ్యే పార పడుతుంది, ఆ చెయ్యే మూట ఎత్తుతుంది, ఆ చెయ్యే మగ్గం నేస్తుంది. పదిహేనేళ్లకు చెయ్యి పాడుచేసుకుంటే ఆటతో పాటు అరవై ఏళ్ల వరకు సంపాదించే కూలి కూడా పోతుంది. "ఒక్క అవకాశం" అనేవాళ్లు ఈ రెండో లెక్క కూడా వేయాలి.

మా మనవి

ఈ పనులకు డబ్బు అక్కరలేదు. ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు.

ఒకటి. ప్రతి హాస్టల్లో ఒక వంద పేజీల నోటు పుస్తకం పెట్టండి. పిచర్ పేరు, వయసు, తేదీ, వేసిన బంతులు రాయండి. ప్రాక్టీసులో వేసినవి కూడా కలపండి. బెంచి మీద కూర్చున్న తమ్ముడు గీతలు గీస్తే చాలు. హద్దు రాగానే ఆపండి.

రెండు. ఒక్క పిచర్‌ను కాదు, ముగ్గురిని తయారు చేయండి. మూడో వాడి చేతిలో ఓడిపోయిన మ్యాచ్ అవమానం కాదు.

మూడు. పోటీలకు నెలన్నర ముందు నుంచే కొద్దికొద్దిగా పెంచండి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసిరే చేతికి పూర్తిగా సెలవివ్వండి. ఆ నెలల్లో పరుగెత్తండి, కబడ్డీ ఆడండి, ఖోఖో ఆడండి.

నాలుగు. పోటీల వారంలో పిచర్ వంతు బకెట్లు మిగతావాళ్లు మోయండి. బట్టలు ఉతికిపెట్టండి. కలిసి ఉండటం అని మనం ఏటా ఉపన్యాసాల్లో చెప్పుకునేది ఇదే.

అయిదు. మోచేతి లోపలి వైపు నొప్పి, చెయ్యి పూర్తిగా సాగకపోవడం, చిటికెన వేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో నొప్పి, ఉన్నట్టుండి బంతి వేగం తగ్గడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే విసరడం ఆపాలి. నొప్పి మాత్ర వేసుకుని ఆడటం నొప్పిని దాచడమే, తగ్గించడం కాదు. మర్దన చేయించి, కట్టు కట్టించి ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించండి. మొదట్లోనే ఆపితే ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండా, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల విశ్రాంతితోనే నయమవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఆరు. ఇది వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు, పీఈటీ సార్లకు మా నమస్కారాలతో చేసుకునే విన్నపం. మీరు మా మంచి కోరేవారని మాకు తెలుసు. నొప్పి అని చెప్పిన పిల్లవాడిని జట్టులోంచి తీసేయకండి, ఆ మ్యాచ్‌కు పక్కన కూర్చోబెట్టండి. పేరు జాబితాలో ఉంచండి. చెబితే పోయేది ఏమీ లేదని తెలిసిన రోజున పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆడవద్దని మేము చెప్పడం లేదు. ఆడండి, గెలవండి, మన హాస్టల్ పేరు నిలపండి. మీ పక్క ట్రంకుపెట్టె వాడు రాత్రి మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ దొర్లుతుంటే మాత్రం, వాడు వద్దన్నా సరే, పొద్దున్నే పోయి సార్‌కు చెప్పండి. మేము చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మా మిత్రుడు ఇవాళ రెండు చేతులూ ఎత్తి ఈ వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టేవాడు.

ఈసారి కూడా వాడిని పిలిచాం. వస్తానన్నాడు. నోటు పుస్తకం మొదటి పేజీలో గీతలు ఎలా గీయాలో వాడే చూపిస్తాడు.